మిరపచేనులో జీవరాజ్యాలు

వరంగల్లు జిల్లాలోను, దాని చుట్టుప్రక్కల జిల్లాలలోను మిరప ముఖ్యమైన పంట. వేసవి సమీపించు దినాలలో ఏనుమాముల మార్కెట్టు యార్డులో గుట్టలుగా పేర్చిన మిరప బస్తాలను చూచినవారికి ఈ పంట మీద ఎన్ని కుటుంబాలు ఆధారపడి ఉన్నవో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చపాటా మిరపకాయ పొట్టిగా, లావుగా, టమాటాను పోలి ఉండును. కారం తక్కువ, రంగు ఎక్కువ. దీనికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది.

అయితే మిరప సులభంగా పండు పంట కాదు. నారుమడిలో మొలకలు మొదలు కుళ్ళి వాలిపోవును. నాటిన తరువాత ఆకులు ముడుచుకొనును, మచ్చలు పడును. కొమ్మలు కొన నుండి క్రిందికి ఎండును. చివరకు పండిన కాయ కూడా చెట్టు మీదనే కుళ్ళవచ్చును. ఈ కష్టాలన్నిటికీ రైతులు వాడు మాటలు రెండే: ఒకటి పురుగు, రెండవది తెగులు. మందుల దుకాణంలో ఆకు చూపించి ఒక సీసా తెచ్చి చల్లుదురు. ఒక్కొక్కప్పుడు తెగులు తగ్గును. ఒక్కొక్కప్పుడు డబ్బు నీళ్ళపాలగును గాని చేను బాగుపడదు. మందు కల్తీది కాకపోయినను, మోతాదు తప్పకపోయినను ఇట్లు జరుగవచ్చును. ఆ మందు ఒక రాజ్యపు జీవిని చంపునది. చేనులో ఉన్నది వేరొక రాజ్యపు జీవి.

జీవరాజ్యాల పాఠాన్ని మన విద్యార్థులు సాధారణంగా ఐదు పేర్ల పట్టికగా కంఠస్థం చేయుదురు. ఆ పట్టిక ఎట్లు ఏర్పడినదో, ఎందుకు మారుచు వచ్చినదో, దాని వలన మనకు కలుగు ప్రయోజనమేమో ఈ వ్యాసంలో చూతము.

వర్గీకరణ ఎందుకు?

మిరియం కారం, మిరప కారం. వంటింట్లో ఈ రెండిటినీ ఒకే వర్గంలో చేర్చవచ్చును. కాకతీయుల కాలంలో, అనగా 1323కు పూర్వం, ఓరుగల్లులో మిరపకాయ లేనే లేదు. అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్క పోర్చుగీసువారు 1498లో మన దేశానికి సముద్రమార్గం కనుగొనిన తరువాత వచ్చినది. అంతకు ముందు కారానికి మిరియమే ఆధారం. వాడుకను బట్టి చూచినచో మిరప మిరియానికి వారసురాలు.

కాని మొక్కను పరిశీలించినచో సంగతి వేరు. మిరియం తీగ, తమలపాకు దాని దగ్గరి చుట్టం. మిరపకు చుట్టాలు వంగ, టమాటా, ఆలుగడ్డ, పొగాకు. పువ్వు నిర్మాణం, కాయ లోపలి గింజల అమరిక చూచినచో ఈ పోలిక తెలియును. కారపు పదార్థం కూడా ఒకటి కాదు. మిరియంలోనిది పైపెరిన్, మిరపలోనిది కాప్సైసిన్.

ఈ చుట్టరికం తెలిసినందువలన లాభమేమి? వంగకు, టమాటాకు వచ్చు తెగుళ్ళలో అనేకం మిరపకు కూడా వచ్చునని ముందే ఊహించవచ్చును. అందుకే టమాటా లేక వంగ పండిన మడిలో వెంటనే మిరప వేయవద్దని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాడుకను బట్టి చేసిన వర్గీకరణ వస్తువులను సర్దుకొనుటకు మాత్రం పనికివచ్చును. పుట్టుకను, చుట్టరికాన్ని బట్టి చేసిన వర్గీకరణ మనకు తెలియని సంగతులను కూడా ఊహించుటకు పనికివచ్చును. ఈ భేదాన్ని గుర్తుంచుకొని ముందుకు పోదాము.

రెండు రాజ్యాలు

సృష్టిని చరములు, అచరములు అని విభజించుట మనకు పూర్వం నుండి అలవాటు. కదలునవి చరములు, కదలనివి అచరములు. మన పూర్వులు ప్రాణులను పుట్టు విధాన్ని బట్టి కూడా నాలుగుగా విభజించినారు: మావి నుండి పుట్టునవి జరాయుజాలు, గ్రుడ్డు నుండి పుట్టునవి అండజాలు, చెమట లేక తేమ నుండి పుట్టునవి స్వేదజాలు, భూమిని చీల్చుకొని పుట్టునవి ఉద్భిజ్జాలు. పేలు, దోమలు మొదలైనవి స్వేదజాలని భావించినారు. ఇవి కూడా గ్రుడ్ల నుండియే పుట్టునని నేడు మనకు తెలియును. కంటికి కనబడని గ్రుడ్డును లెక్కలోనికి తీసికొనుట ఆ కాలంలో సాధ్యం కాదు. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ జంతువులను గురించియు, ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ మొక్కలను గురించియు గ్రంథాలు వ్రాసినారు.

స్వీడన్ దేశస్థుడైన లిన్నేయస్ 1735లో ప్రకృతిని మూడు రాజ్యాలుగా విభజించినాడు: ఖనిజ రాజ్యం, వృక్ష రాజ్యం, జంతు రాజ్యం. ఖనిజాలకు ప్రాణం లేదు కనుక జీవులకు మిగిలినవి రెండు రాజ్యాలు. నేడు మనం వాడు రాజ్యం అను మాట ఆయన వాడిన మాటకు అనువాదమే. ప్రతి జీవికి రెండు పదాల శాస్త్రీయ నామం పెట్టు పద్ధతిని కూడా ఆయనే స్థిరపరచినాడు.

ఈ పద్ధతి తెలుగు దేశానికి చాల త్వరగా చేరినది. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణ దేశపు మొక్కలను సేకరించుచు తిరిగి, 1785లో కాకినాడ సమీపంలో మరణించినాడు. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బరో సామర్లకోటలో తోట పెంచి తెలుగు జిల్లాల మొక్కలను వర్ణించినాడు. 1795 నుండి వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో అనేకం మన మొక్కలే. సోమిద అను మన అడవి చెట్టు పేరు సోయ్‌మిడా అను ప్రజాతి నామంగా శాస్త్రంలో నేటికీ నిలిచి ఉన్నది.

ఎటూ చేరని జీవులు

రెండు రాజ్యాల పద్ధతి కంటికి కనబడు జీవుల విషయంలో బాగుగనే పనిచేసినది. ఇబ్బంది సూక్ష్మదర్శినితో వచ్చినది. హాలండు దేశంలో బట్టల వ్యాపారి అయిన లేవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసిన కటకాలతో 1670 తరువాతి సంవత్సరాలలో నీటిబొట్టులోని జీవులను చూచినాడు. వాటిని ఎక్కడ చేర్చవలెనో లిన్నేయస్‌కు కూడా తోచలేదు. పురుగుల విభాగంలో ఒక మూల వాటిని ఉంచి, ఆ ప్రజాతికి గందరగోళం అను అర్థం వచ్చు కేయాస్ అను పేరు పెట్టినాడు.

చెరువు నీటిలో పెరుగు యూగ్లీనా అను ఏకకణ జీవి చక్కని ఉదాహరణ. దానికి మొక్క వలె పత్రహరితం ఉన్నది. వెలుతురులో ఆహారం తయారు చేసికొనును. కాని దానికి కొరడా వంటి తోక ఉన్నది. జంతువు వలె ఈదును. చీకటిలో ఉంచినచో నీటిలోని ఆహారాన్ని గ్రహించి బ్రతుకును. వృక్షశాస్త్ర గ్రంథాలలో ఇది మొక్కగాను, జంతుశాస్త్ర గ్రంథాలలో జంతువుగాను చాలకాలం వర్ణింపబడినది.

పుట్టగొడుగు సంగతి మరింత ముఖ్యమైనది. అది కదలదు, నేల నుండి మొలచును. కనుక మొక్క అన్నారు. కాని దానికి పత్రహరితం లేదు. దాని కణకవచం మొక్కలలో వలె సెల్యులోజుతో కాక, కీటకాల పెంకులో ఉండు కైటిన్‌తో తయారైనది. మొక్కలు ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకొనును. శిలీంధ్రాలు గ్లైకోజన్‌గా దాచుకొనును. మన కాలేయం దాచునది కూడా గ్లైకోజనే. ఆహారాన్ని శరీరం వెలుపలనే జీర్ణం చేసి పీల్చుకొనుట శిలీంధ్రాల పద్ధతి.

పత్రహరితం లేనంత మాత్రాన మొక్క కాకుండా పోవునా అని విద్యార్థులు అడుగవచ్చును. బంగారుతీగను చూడుడు. తుమ్మ, రేగు మొదలైన కంచెచెట్లను అల్లుకొని, పసుపుపచ్చని దారాల వలె పెరుగును. ఆకులు లేవు; ఆహారం అంతయు ఇతర మొక్కల నుండి పీల్చును. అయినను పువ్వు, విత్తనం, కణనిర్మాణం అన్నియు మొక్కవే. అది పరాన్నజీవిగా మారిన మొక్క. పుట్టగొడుగు అట్లు మారిన మొక్క కాదు. మొదటి నుండి వేరే వంశం. ఒక్క లక్షణాన్ని పట్టుకొని రాజ్యం నిర్ణయించరాదని దీనివలన తెలియును.

ఈ చిక్కులను చూచి జర్మనీ దేశస్థుడైన హెకెల్ 1866లో ప్రోటిస్టా అను మూడవ రాజ్యాన్ని ప్రతిపాదించినాడు. మొక్క అని గాని, జంతువు అని గాని చెప్పుటకు వీలులేని సూక్ష్మజీవులను అందులో చేర్చినాడు.

కేంద్రకం చూపిన భేదం

ఇరువదవ శతాబ్దంలో సూక్ష్మదర్శిని మెరుగుపడిన కొలది, మొక్కకు జంతువుకు గల భేదం కంటె లోతైన భేదం ఒకటి బయటపడినది. మొక్క కణంలోను, జంతు కణంలోను, పుట్టగొడుగు కణంలోను ఒక పొరలో చుట్టబడిన కేంద్రకం ఉన్నది. బాక్టీరియాలో ఆ పొర లేదు. జన్యుపదార్థం కణంలోనే విడిగా ఉండును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షాటన్ 1925లో ఈ రెండు విధాల కణాలకు వేరువేరు పేర్లు పెట్టినాడు. 1962లో స్టేనియర్, వాన్ నీల్ అనువారు ఈ విభజనను విపులంగా నిరూపించినారు. నిజకేంద్రక జీవుల పక్షాన మామిడిచెట్టు, మనిషి, పుట్టగొడుగు ఒకే వైపున నిలుచును. బాక్టీరియా మాత్రం ఆవలి ఒడ్డున నిలుచును.

వరిమళ్ళలో నీటిమీద తేలు నీలిఆకుపచ్చ నాచు ఈ విభజనతో స్థానం మార్చుకొనినది. రంగును బట్టి దీనిని శైవలాలలో చేర్చి మొక్కలుగా లెక్కించినారు. కాని దాని కణంలో కేంద్రకం లేదు. కనుక అది పత్రహరితం గల బాక్టీరియా. ఇందులో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని పైరుకు పనికివచ్చు రూపంలోనికి మార్చును. అజొల్లా ఆకులలో నివసించు అనబీనా ఈ కోవకు చెందినదే. రైతులు అజొల్లాను పచ్చిరొట్టగా వరిమడిలో కలియదున్నుట వెనుక ఉన్న సూత్రం ఇదే. గాలి నుండి నత్రజనిని గ్రహించు శక్తి నిజకేంద్రక జీవులలో దాదాపు లేదు. బాక్టీరియా సాయంతోనే అవి దానిని పొందును.

విటేకర్ ఐదు రాజ్యాలు

అమెరికా దేశస్థుడైన విటేకర్ 1969లో ఐదు రాజ్యాల పద్ధతిని ప్రకటించినాడు. మన ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలలో ఉన్నది ఇదే. ఆయన మూడు ప్రశ్నలు వేసినాడు. కణంలో కేంద్రకం ఉన్నదా? శరీరం ఒకే కణమా, అనేక కణాలా? ఆహారం ఎట్లు లభించును?

మొదటి ప్రశ్నకు లేదు అని సమాధానం వచ్చినచో ఆ జీవి మొనీరా రాజ్యానికి చెందును. బాక్టీరియా అన్నియు ఇందులో చేరును. కేంద్రకం ఉండి ఏకకణంగా ఉన్నవి ప్రోటిస్టా. అనేక కణాలు ఉండి వెలుతురులో ఆహారం తయారు చేసికొనునవి మొక్కలు. ఆహారాన్ని పీల్చుకొనునవి శిలీంధ్రాలు. ఆహారాన్ని మ్రింగి లోపల జీర్ణం చేసికొనునవి జంతువులు.

ఈ పద్ధతి సుబోధకం. అడవిని దీనితో పోల్చి చూచినచో, ఆహారాన్ని తయారుచేయువారు, తినువారు, కుళ్ళజేయువారు అను మూడు వృత్తులు స్పష్టమగును. పాఖాల అడవిలో రాలిన ఆకును శిలీంధ్రాలు, బాక్టీరియా కుళ్ళజేయనిచో చెట్లకు ఎరువే లేదు. అయితే ప్రోటిస్టా రాజ్యం నిజానికి ఒక వంశం కాదు. మిగిలిన రాజ్యాలలో ఇమడని జీవులను చేర్చిన సత్రం వంటిది. ఈ లోపం తరువాతి పరిశోధనలకు దారి చూపినది.

మూడవ శాఖ

ఆకారాన్ని బట్టి బాక్టీరియాలను విభజించుట కష్టం. కడ్డీలు, గుండ్లు, మరమేకులు తప్ప వాటిలో చూచుటకు ఎక్కువ లేదు. అమెరికాలో కార్ల్ వోజ్ వేరొక దారి త్రొక్కినాడు. ప్రతి జీవి కణంలోను మాంసకృత్తులను తయారుచేయు రైబోసోములు ఉన్నవి. వాటిలోని ఆర్. ఎన్. ఎ. అక్షరక్రమాన్ని ఒక జీవికి మరియొక జీవికి పోల్చి చూచినాడు. తాళపత్ర ప్రతులలోని పాఠభేదాలను పోల్చి ఏ ప్రతి దేని నుండి వచ్చినదో పండితులు నిర్ణయించునట్లే, ఈ అక్షరక్రమంలోని తేడాలను బట్టి జీవుల వంశవృక్షం గీయవచ్చును.

1977లో వోజ్, ఫాక్స్ అనువారు ఆశ్చర్యకరమైన ఫలితం ప్రకటించినారు. మీథేన్ వాయువును పుట్టించు సూక్ష్మజీవులు చూచుటకు బాక్టీరియా వలెనే ఉన్నను, బాక్టీరియాకు చుట్టాలు కావు. అవి వేరొక ప్రాచీన శాఖ. వాటిని నేడు ఆర్కియా అందురు. వాటి కణపు పొరలోని క్రొవ్వులు వేరు. బాక్టీరియా కణకవచంలోని ముఖ్యపదార్థం వీటిలో లేదు. అందుచే ఆ కవచం మీద పనిచేయు పెనిసిలిన్ వీటిని ఏమీ చేయజాలదు. 1990లో వోజ్ జీవులనన్నిటినీ బాక్టీరియా, ఆర్కియా, నిజకేంద్రకాలు అను మూడు మహాశాఖలుగా విభజించినాడు.

ఆర్కియా ఎక్కడనో వేడినీటి బుగ్గలలో మాత్రమే ఉండునని అనుకొనరాదు. గేదె కడుపులో, నీరు నిలిచిన వరిమడి బురదలో, పెరటిలోని గోబర్ గ్యాస్ తొట్టిలో మీథేన్‌ను తయారుచేయునవి ఇవే. ఆ పొయ్యిమీద అన్నం వండుకొనువారు ప్రతిదినం ఈ మూడవ శాఖ సాయం పొందుచున్నారు. 2015లో ఉత్తరధ్రువ ప్రాంతపు సముద్రగర్భంలోని బురద నుండి లభించిన కొన్ని ఆర్కియాల జన్యువులను పరిశీలించగా, కేంద్రకం గల జీవుల పూర్వులు ఆర్కియాలకే దగ్గరివారని తేలినది.

మళ్ళీ మిరపచేనుకు

ఇప్పుడు మన మిరపచేనుకు వచ్చి, కష్టాలను రాజ్యాల వారీగా పరిశీలింతము.

మొదటిది జంతురాజ్యం. తామర పురుగులు ఆకుల రసం పీల్చినచో ఆకులు పైకి ముడుచుకొనును. నల్లి పీల్చినచో ఆకులు క్రిందికి ముడుచుకొనును. తామర పురుగు ఆరు కాళ్ళ కీటకం. నల్లి ఎనిమిది కాళ్ళది. సాలీడుకు, తేలుకు చుట్టం. రెండును జంతువులే అయినను తరగతులు వేరు కనుక, కీటకాలను చంపు మందులలో అనేకం నల్లిని చంపవు. దానికి ప్రత్యేకమైన మందులు ఉన్నవి. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మిరపచేలపై విరుచుకుపడి పూతను నాశనం చేసి రైతులను చాల నష్టపరచినది. ఇది మనకు అలవాటైన తామర పురుగు జాతి కాదు. రాజ్యంతోనే గాక, జాతిని సరిగా గుర్తించుటతో కూడా ఎంత పని ఉన్నదో దీనివలన తెలిసినది.

రెండవది శిలీంధ్ర రాజ్యం. కొమ్మలు కొన నుండి ఎండుట, కాయ మీద వలయాకారపు మచ్చలు పడి కుళ్ళుట కొలెటోట్రైకమ్ అను శిలీంధ్రం పని. ఆకుల అడుగున తెల్లని పొడి పట్టు బూడిద తెగులు మరియొక శిలీంధ్రం పని. శిలీంధ్ర కణపు పొరలో ఎర్గోస్టిరాల్ అను పదార్థం ఉన్నది. దానిని తయారుకానీయకుండ అడ్డుపడు మందులు శిలీంధ్రాలను అణచును.

మూడవది నారుకుళ్ళు తెగులు. దీనికి ముఖ్యకారణం పితియమ్ అను జీవి. చూచుటకు బూజు వలె దారాలుగా పెరుగును. చాలకాలం శాస్త్రజ్ఞులు కూడా దీనిని శిలీంధ్రమనియే లెక్కించినారు. కాని దీని కణకవచంలో ముఖ్యమైనది కైటిన్ కాదు, సెల్యులోజు. జన్యువులను పోల్చి చూడగా ఇది శిలీంధ్రాలకు చుట్టం కాదనియు, సముద్రంలో పెరుగు గోధుమరంగు శైవలాలకు, డయాటములకు చుట్టమనియు తేలినది. ఐర్లండులో 1845లో మొదలై పది లక్షల మందిని బలిగొనిన కరవుకు కారణమైన ఆలుగడ్డ తెగులు కూడా ఈ వంశపు జీవి వలననే వచ్చినది.

ఈ మార్పు పేరులో మార్పు మాత్రమే అనుకొనరాదు. ఈ జీవులు ఎర్గోస్టిరాల్‌ను తయారు చేసికొనవు. కనుక దానిని అడ్డు మందులు నారుకుళ్ళు మీద పనిచేయవు. మెటలాక్సిల్ వంటి మందు వీటిమీద పనిచేయును గాని, అసలు శిలీంధ్రాల మీద పనిచేయదు. రాగి మందులు రెండిటి మీదను కొంత పనిచేయును. మరియొక సంగతి: ఈ వంశపు జీవులు తోకలు గల సిద్ధబీజాలను విడుచును. అవి మట్టి రేణువుల మధ్య నిలిచిన నీటిలో ఈదుచు ఒక మొలక నుండి మరియొక మొలకకు చేరును. మిరపనారు ఎత్తుమళ్ళలో పోయవలెననియు, నీరు నిలువనీయరాదనియు, విత్తనం ఒత్తుగా చల్లరాదనియు చెప్పుటకు కారణం ఇదే. ఆ జీవి పూర్వులు నీటిలో ఈదినవారు. నీరు తీసివేసినచో దాని కాళ్ళు విరిచినట్లే.

నాల్గవది బాక్టీరియా ఆకుమచ్చ తెగులు. దీనికి కారణం జాంథోమోనాస్. శిలీంధ్రాలకు ప్రత్యేకించిన మందులు దీనిమీద వృథా. విత్తనం ద్వారా కూడా వ్యాపించును కనుక ఆరోగ్యమైన చేని నుండి విత్తనం తీసికొనుట మొదటి జాగ్రత్త.

ఐదవది ఆకుముడత వైరసు. దీనినే బొబ్బర తెగులు అని పిలుచుదురు. వైరసుకు కణమే లేదు. ఇతర జీవి కణంలో తప్ప పెరుగదు. అందుచే అది పై రాజ్యాలలో దేనిలోను చేరదు. వైరసులకు శాస్త్రజ్ఞులు ప్రత్యేకమైన వర్గీకరణ ఏర్పరచినారు. వైరసు సోకిన మిరపమొక్కను బాగుచేయు మందు లేదు. దానిని మోసుకొని తిరుగు తెల్లదోమను అదుపు చేయుట, సోకిన మొక్కలను పీకివేయుట మాత్రమే మార్గం. తామర పురుగు వలన కలిగిన ముడతను వైరసు ముడత అనుకొనినను, వైరసు ముడతను తామర పురుగు ముడత అనుకొనినను నష్టమే.

రాజ్యాలన్నియు శత్రువులే కావు. ట్రైకోడెర్మా అను శిలీంధ్రం ఇతర శిలీంధ్రాలను, పితియమ్‌ను అణచును. విత్తనశుద్ధిలో దానిని వాడుదురు. విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించిన వెంటనే శిలీంధ్రనాశక మందు పోసినచో మిత్రుని మనమే చంపినట్లగును. మందు పేరు, మోతాదు వ్యవసాయాధికారిని అడిగి నిర్ణయించుకొనవలెను. కాని అడుగవలసిన ప్రశ్న ఏదో విద్యార్థికి తెలిసి ఉండవలెను.

సికింద్రాబాదు దోమ

మనిషి వైద్యంలో కూడా ఇదే సూత్రం పనిచేయును. మన ప్రాంతానికి చెందిన ఒక కథ దీనిని చక్కగా చూపును. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొనినాడు. ఆ జీవి ప్లాస్మోడియమ్. ఏకకణ జీవి, ఇతర కణాలను తిని బ్రతుకునది. కనుక చాలకాలం దానిని జంతురాజ్యంలో చేర్చినారు.

మరొక వైపు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయానికి పరిశోధనాధిపతి అయినారు. అక్కడ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొని 1948లో ప్రకటించినాడు. ఆ సూక్ష్మజీవి స్ట్రెప్టోమైసిస్. దారాలుగా పెరుగును కనుక శిలీంధ్రమని పొరబడి పేరులోనే శిలీంధ్రమను మాట చేర్చినారు. నిజానికి అది బాక్టీరియా. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఈ మందులు బాక్టీరియా రైబోసోములను అడ్డును. మన రైబోసోములు వేరు విధానివి కనుక మనకు హాని తక్కువ.

ఈ రెండు కథలు ఇరువదవ శతాబ్దం చివర కలిసికొనినవి. టెట్రాసైక్లిన్ కుటుంబపు డాక్సీసైక్లిన్ మలేరియాను కూడా నివారించుచుండెను. జంతువు వంటి జీవి మీద బాక్టీరియా మందు ఎట్లు పనిచేయును? ప్లాస్మోడియమ్ కణంలో ఒక చిన్న అవయవం ఉన్నదనియు, అది ఒకనాటి పత్రహరిత కణాంగపు అవశేషమనియు 1990 తరువాతి పరిశోధనలలో తేలినది. పత్రహరిత కణాంగాలు ప్రాచీన నీలిఆకుపచ్చ బాక్టీరియాల నుండి వచ్చినవి. ఈ వాదాన్ని 1967లో లిన్ మార్గులిస్ బలంగా ప్రతిపాదించగా తరువాత నిరూపింపబడినది. ప్లాస్మోడియమ్ పూర్వులు ఒక ఎర్ర శైవలాన్ని తమలో ఇముడ్చుకొనినారు. పచ్చదనం పోయినది, బాక్టీరియా వంటి రైబోసోములు మిగిలినవి. మందు తగులునది అక్కడనే.

నేటి లెక్క

1998లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు కవాలియర్-స్మిత్ ఆరు రాజ్యాల పద్ధతిని సూచించినాడు. 2015లో అనేకమంది శాస్త్రజ్ఞులు కలిసి ఏడు రాజ్యాల పట్టిక ప్రకటించినారు: బాక్టీరియా, ఆర్కియా, ప్రోటోజోవా, క్రోమిస్టా, శిలీంధ్రాలు, మొక్కలు, జంతువులు. మన నారుకుళ్ళు జీవి క్రోమిస్టాలో చేరినది. ఈ పట్టికను అందరును అంగీకరించలేదు. రాజ్యాల సంఖ్యను విడిచి వంశవృక్షాన్నే చూడవలెనని అనేకుల అభిప్రాయం. ఆ వృక్షంలో శిలీంధ్రాలు మొక్కల కంటె జంతువులకు దగ్గరివని 1993 నుండి సాక్ష్యాలు బలపడినవి. చర్మం మీది తామర వంటి శిలీంధ్ర వ్యాధులు త్వరగా లొంగకపోవుటకు ఇది ఒక కారణం: చుట్టాన్ని చంపుచు మనకు హాని చేయని మందు దొరకుట కష్టం.

అయితే పరీక్షలో ఎన్ని రాజ్యాలు వ్రాయవలెను? పాఠ్యపుస్తకం చెప్పినట్లు విటేకర్ ఐదు రాజ్యాలు వ్రాయవలెను. ఆయన పేరు, 1969 సంవత్సరం కూడా వ్రాయవలెను. అప్పుడు అది ప్రకృతి విధించిన సంఖ్య కాదనియు, ఒక శాస్త్రజ్ఞుడు ఆనాటికి తెలిసిన సాక్ష్యాన్ని బట్టి చేసిన విభజన అనియు విద్యార్థికి అర్థమగును.

తరగతిలో చేయదగినవి

ఆలుగడ్డ ముక్క మీద, అంగడిలో కొనిన పుట్టగొడుగు ముక్క మీద చెరి రెండు చుక్కల అయోడిన్ ద్రావణం వేయుడు. ఆలుగడ్డ ముక్క నల్లని నీలమగును. పుట్టగొడుగు ముక్క కాదు. పిండిపదార్థం ఒకదానిలో ఉన్నది, రెండవదానిలో లేదు. అడవిలో మొలచిన పుట్టగొడుగులను విద్యార్థులు రుచి చూడరాదు. వాటిలో విషపూరితమైనవి ఉన్నవి.

చెరువు నీటిని ఒక సీసాలో తెచ్చి, కిటికీ దగ్గర రెండు దినాలుంచి సూక్ష్మదర్శిని క్రింద చూపుడు. పచ్చగా ఉండి ఈదు జీవి కనబడినచో, అది మొక్కయా, జంతువా అని తరగతిని అడుగుడు. వాదన జరుగనిండు.

తరువాత విద్యార్థులను దగ్గరి మిరపచేనుకు తీసికొనిపోయి, చెడిన ఆకులను, కాయలను, మొలకలను సేకరింపజేసి, ఒక్కొక్క దాని ప్రక్కన మూడు సంగతులు వ్రాయించుడు: కారణమైన జీవి ఏది, దాని రాజ్యం ఏది, ఆ రాజ్యానికి చెందినదని చెప్పుటకు ఆధారమేమి. రైతును పిలిచి తాను ఏ మందు చల్లినాడో కూడా అడిగి ఆ వరుసలోనే వ్రాయించుడు. మూడవ గడిలోని ఆధారానికి, నాల్గవ గడిలోని మందుకు పొత్తు కుదరని చోట విద్యార్థులకు పాఠం, రైతుకు కొంత ఖర్చు మిగులును.